పాత కారుకు కొత్త రంగు



ఊళ్లో ఎవరైనా పాత కారు కొన్నారంటే, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించిన నెల లోపే ఒక మాట వినిపిస్తుంది. "బండి బాగానే నడుస్తోందండీ, రంగే బాగాలేదు. ఎరుపు వేయించి, లోపల సీట్లు కూడా మార్చేస్తే కొత్త కారులా ఉంటుంది" అని. ఆ కోరికలో తప్పేమీ లేదు. అయితే పనికి దిగేముందు తెలుసుకోవలసిన సంగతులు కొన్ని ఉన్నాయి. మనలాగా సరిహద్దు జిల్లాల్లో ఉండేవారికి అవి మరికొంచెం ఎక్కువ.

ఉదాహరణకు మారుతి 800 తీసుకుందాం. 1983 డిసెంబరులో రోడ్డు మీదికి వచ్చిన ఈ బండి తయారీ 2014 జనవరిలో ఆగిపోయింది. అంటే ఇవాళ మనకు దొరికేవాటిలో అన్నిటికంటే చిన్నదానికి కూడా పదేళ్లు దాటాయి. అటువంటి తెల్ల మారుతిని ఎర్ర మారుతిగా మార్చాలనుకుందాం.

ఉన్న రంగునే మళ్లీ వేయించడం ఒక పని, రంగు మార్చడం వేరొక పని. మొదటిదానికి బయటి రేకు చూసుకుంటే చాలా వరకు సరిపోతుంది. రెండోదానికి కారంతా విప్పాలి. తలుపు తీస్తే కనబడే అంచులు, తలుపును మోసే స్తంభాలు, బానెట్ లోపలి వైపు, డిక్కీ లోపల, పెట్రోలు మూత వెనక, ఇన్ని చోట్లా కొత్త రంగు పడాలి. లేకపోతే తలుపు తీసినప్పుడల్లా ఎర్ర చొక్కా సందులోంచి తెల్ల బనీను తొంగి చూసినట్టు ఉంటుంది. చాలా షెడ్లలో ముందు చెప్పే ధర బయటి రేకుకు మాత్రమే. లోపలి అంచుల సంగతి మీరు అడిగితేనే వస్తుంది. కనుక అడగండి.

ఇక కాగితాల సంగతి. ఆర్.సి.లో ఇంజను నంబరు, ఛాసిస్ నంబరుతో పాటు బండి రంగు కూడా రాసి ఉంటుంది. బండిలో చేసే మార్పుల గురించి 1988 మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షను ఉంది. రంగు మార్చదలచుకున్నవారు ముందుగా రిజిస్ట్రేషను కార్యాలయంలో దరఖాస్తు పెట్టి, అనుమతి తీసుకుని, పని పూర్తయ్యాక బండి చూపించి, ఆర్.సి.లో కొత్త రంగు రాయించుకోవాలి. బండి మీద ఇంకా అప్పు ఉంటే అప్పిచ్చిన బ్యాంకు సమ్మతి కావాలి. ఇన్సూరెన్సు కంపెనీకి కూడా ఒక ఉత్తరం రాసి, పాలసీలో ఆ మార్పు చేర్పించుకోవడం మంచిది. రేపు ఏదైనా ప్రమాదం జరిగి క్లెయిము పెట్టుకున్నప్పుడు, కాగితం మీద తెలుపు, సర్వేయరు కళ్ల ముందు ఎరుపు ఉంటే, ఆ ప్రశ్నలకు జవాబు చెప్పుకోవలసింది మీరే.

మనవాళ్లకు అసలు చిక్కు ఇక్కడే వస్తుంది. హోసూరులో ఉండే ఆయన కుప్పంలో చుట్టాల దగ్గర కారు కొంటాడు. బళ్లారి ఆయన గుంతకల్లులో కొంటాడు. బరంపురం ఆయన ఇచ్ఛాపురంలో కొంటాడు. బండి నంబరు ఆంధ్రది, నిలిపేది మాత్రం టి.ఎన్. 70 లోనో, కె.ఎ. 34 లోనో, ఓ.డి. 07 లోనో. యానాం వారికైతే ఊరు దాటితే చాలు, వేరే రాష్ట్రమే. పి.వై. 04 బండిలో కాకినాడ వెళ్లి కూరగాయలు తెచ్చుకోవడానికి ఎవరూ అడ్డు చెప్పరు. కానీ ఒక రాష్ట్రంలో రిజిస్టరైన బండిని వేరొక రాష్ట్రంలో పన్నెండు నెలలకు మించి ఉంచితే, అక్కడి నంబరు తీసుకోవాలని 47వ సెక్షను చెబుతోంది. అందుకు పాత కార్యాలయం నుంచి నిరభ్యంతర పత్రం తేవాలి. కొత్త రాష్ట్రపు పన్ను కట్టాలి. బండి చూపించాలి.

ఇంతకీ వరస ఏమిటంటే, ముందు బండిని మీ పేరుకు, మీ చిరునామాకు మార్పించుకోండి. ఆ తరువాతే రంగు.  ఇది తెలియక, కొన్న వారంలోనే ఎరుపు వేయించి, ఆర్నెల్ల తరువాత కొత్త నంబరు కోసం వెళితే, కాగితంలో తెల్ల కారు, ఎదురుగా ఎర్ర కారు. అది దొంగబండి కాదని నిరూపించుకోవడానికి రెండు రాష్ట్రాల మధ్య తిరగవలసి వస్తుంది. బ్రోకరు "నేను చూసుకుంటాను లెండి" అంటాడు. ఆ మాట మీద పెయింటు డబ్బా మూత తీయకండి.

పదిహేనేళ్లకు దగ్గరపడ్డ బండి అయితే మరో మాట. సొంత కారు రిజిస్ట్రేషను పదిహేనేళ్లకు ముగుస్తుంది. తరువాత తనిఖీ చేయించి అయిదేళ్లకొకసారి పొడిగించుకోవాలి. ఈ పొడిగింపు రుసుము 2022 ఏప్రిల్ 1న 600 రూపాయల నుంచి 5,000 రూపాయలకు పెరిగింది. ముందు ఆ తనిఖీ గట్టెక్కనివ్వండి. గట్టెక్కని బండికి కొత్త రంగు వేయించడం పడిపోయే గోడకు సున్నం కొట్టించడమే.

జీపులు కొనే కుర్రకారుకు ఒక హెచ్చరిక. మిలిటరీ జీపులా కనబడాలని ముదురు ఆలివ్ పచ్చ రంగు వేయిస్తుంటారు. ఆ రంగు రక్షణ శాఖ వాహనాలకు మాత్రమే. మిగతావారు వేసుకోకూడదని కేంద్ర మోటారు వాహనాల నియమావళి 121వ నియమం స్పష్టంగా చెబుతోంది.

సరే, కాగితాలు సిద్ధమయ్యాయి. షెడ్డుకు వెళదాం. లోపలి సీట్లు, బయటి రంగు రెండూ మార్చాలనుకునేవారు సాధారణంగా ముందు రంగు వేయించి, తరువాత సీట్ల దుకాణానికి వెళతారు. నేనైతే తిరగేసి చెబుతాను. ముందు సీట్లు, కార్పెట్, తలుపుల లోపలి అట్టలు విప్పించండి. కార్పెట్ లేపితే కారు అసలు వయసు తెలుస్తుంది. మారుతి 800కు జీపులాగా విడి ఛాసిస్ లేదు. రేకు పెట్టె తానే బలం, తానే ఆధారం. నేల రేకు, తలుపుల కింద పొడవునా ఉండే పెట్టె భాగం తుప్పు తింటే కారు బలమే పోయినట్టు. అక్కడ స్క్రూడ్రైవరు మొనతో నొక్కి చూడండి. దిగబడితే టింకరింగ్ చేసే మేస్త్రీని పిలిచి, కుళ్లిన రేకు కోయించి కొత్త రేకు వెల్డింగు చేయించాలి. వెల్డింగు నిప్పు రవ్వలకు కొత్త సీట్లు, కొత్త రంగు రెండూ పాడవుతాయి. అందుకే ఇది అన్నిటికంటే ముందు.

ఇదే సందర్భంలో కొనేవారికి కూడా ఒక కిటుకు. నిగనిగలాడే కొత్త రంగుతో పాత కారు అమ్మకానికి వస్తే, జేబులో చిన్న అయస్కాంతం ఒకటి పట్టుకెళ్లండి. పలుచని గుడ్డలో చుట్టి రేకు మీద ఆనించండి. రేకున్న చోట అతుక్కుంటుంది. లప్పం దట్టంగా పెట్టిన చోట జారిపోతుంది. చక్రాల పైన ఉండే వంపులు, తలుపుల కింది అంచులు తప్పకుండా చూడండి. బంపరు ప్లాస్టిక్ కనుక అక్కడ అతుక్కోకపోతే కంగారు పడనక్కరలేదు.

ఇప్పుడు రంగు. ఫ్యాక్టరీలో రేకు పెట్టెను ప్రైమరు తొట్టిలో ముంచి, పై రంగు వేసి, సుమారు 140 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో కాలుస్తారు. షెడ్డులో అది కుదరదు. అంత వేడికి వైర్లు, రబ్బర్లు, ప్లాస్టిక్కులు నిలవవు. కనుక షెడ్డు రంగులు వేరు. డ్యూకో అని మనవాళ్లు పిలిచే ఎన్.సి. రంగు థిన్నరు ఆవిరై నిమిషాల్లో ఆరుతుంది. పాలిష్ పడితేనే మెరుస్తుంది. సింథటిక్ ఎనామెల్ గాలి తగిలి మెల్లగా గట్టిపడుతుంది. పి.యు. రంగు హార్డెనరు కలిపితే రసాయనికంగా గడ్డకడుతుంది. అన్నిటిలోకి ఎక్కువకాలం నిలిచేది ఇదే.

ఒకదాని మీద ఒకటి ఇష్టం వచ్చినట్టు వేయడానికి లేదు. ఎనామెల్ మీద డ్యూకో వేస్తే, దాని థిన్నరు ఘాటుకు కింది పొర ఉబ్బి, ముడతలు పడి, కాగిన పాల మీద మీగడలా లేస్తుంది. మీ కారు మీద ఇప్పుడున్నది ఏమిటో తెలుసుకోవడానికి, కనబడని మూల థిన్నరులో ముంచిన గుడ్డతో రుద్దించండి. రంగు గుడ్డకు దిగితే డ్యూకో. ఉబ్బితే ఎనామెల్. ఏమీ కాకపోతే ఫ్యాక్టరీ రంగో, పి.యు.నో.

రంగు పేరు చెప్పేటప్పుడు కూడా మనకు ఒక ఇబ్బంది ఉంది. మనం రంగు అంటాం, కన్నడంలో బణ్ణ అంటారు. ఆ "ఎరుపు" షెడ్డులో ఎవరి భాషలో ఎవరికి ఎలా అర్థమవుతుందో చెప్పలేం. దుకాణంలో షేడు కార్డు చూసి కోడు నంబరు రాసివ్వండి. నంబరుకు భాషతో పనిలేదు. కారుకు సరిపడా రంగు ఒకేసారి కలిపించండి. రెండోసారి కలిపిస్తే తలుపు ఒక ఎరుపు, బానెట్ ఒక ఎరుపు అవుతాయి. ఎరుపుకు, పసుపుకు కింది రంగును కప్పే గుణం తక్కువ. సరైన అస్తరు పూత లేకపోతే ఎన్ని పొరలు వేసినా వెలవెలబోతుంది. ఎండకు త్వరగా వెలిసే రంగుల్లో ఎరుపు ఒకటి. రాయచూరు, చంద్రపూరు ఎండలు తెలిసినవారు తెలుపును వదులుకునేముందు ఒక్క క్షణం ఆలోచించాలి. తెలుపు వేడిని వెనక్కి కొడుతుంది, ముదురు రంగు తాగుతుంది.

లప్పం నీళ్లు పీలుస్తుంది. వాటర్ పేపరు పట్టిన తరువాత బాగా ఆరకముందే ప్రైమరు కొడితే, కొన్ని నెలలకు రంగు కింద బొబ్బలు లేస్తాయి. బరంపురం, యానాం వంటి సముద్రానికి దగ్గరి ఊళ్లలో వానాకాలం ఈ పని పెట్టుకోవద్దు. గాలిలో తేమ ఎక్కువగా ఉన్నప్పుడు డ్యూకో కొడితే, థిన్నరు ఆవిరవుతూ రేకును చల్లబరుస్తుంది, ఆ చల్లదనానికి తేమ చేరి రంగు మీద తెల్లని మసక పడుతుంది. గీకి తేలిన రేకును ఆ గాలిలో రాత్రంతా వదిలినా తుప్పు పట్టేస్తుంది. గీకిన రోజే ప్రైమరు పడాలి.

డబ్బు కంటే పెద్ద సంగతి ఇంకొకటి ఉంది. పి.యు. రంగులో కలిపే హార్డెనరులో ఐసోసయనేట్ అనే రసాయనం ఉంటుంది. స్ప్రే తుంపరలో అది ఊపిరితిత్తుల్లోకి పోతే ఉబ్బసం రావచ్చు. ఒకసారి పడకుండా పోయిన మనిషికి ఆ తరువాత కొద్దిగా తగిలినా ఊపిరాడదు. ముక్కుకు కట్టుకున్న జేబురుమాలు దాన్ని ఆపదు. బయటి నుంచి మంచి గాలి అందించే ముసుగు కావాలి. అది ఉన్న షెడ్డు కొంచెం ఎక్కువ అడిగినా అక్కడికే వెళ్లండి. కుర్రాడు ఒట్టి ముక్కుతో పి.యు. కొడుతున్న షెడ్డులో బేరం కుదిరిందని సంతోషించకండి. అలాగే ఇంటి పెరట్లో, పిల్లలు తిరిగేచోట ఈ పని పెట్టించవద్దు.

ఒక్క చోట మాత్రం మేస్త్రీ చేయి పట్టుకుని ఆపండి. ఛాసిస్ నంబరు చెక్కిన చోట లప్పం పెట్టనివ్వకండి, గట్టిగా గీకనివ్వకండి, దట్టంగా రంగు కొట్టనివ్వకండి. రేపు పేరు మార్పుకు, నిరభ్యంతర పత్రానికి ఆ అంకెల మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది ముద్ర తీస్తారు. ముద్ర సరిగా పడకపోతే బండి కదలదు. పని మొదలుపెట్టే ముందే ఆ చోట టేపు అంటించమనండి.

రంగు గట్టిపడ్డాక లోపలి పని. దీనికి ఆర్.సి.తో సంబంధం లేదు, ఇష్టం మీది. ఎండ ప్రాంతాల్లో నల్ల రెక్సిను మీద మధ్యాహ్నం కూర్చోవడం పెనం మీద కూర్చోవడమే. లేత రంగు గుడ్డ హాయిగా ఉంటుంది, మాత్రం త్వరగా మాస్తుంది. డాష్‌బోర్డు పైభాగానికి మాత్రం లేత రంగు వద్దు. ఎండలో దాని నీడ ముందు అద్దంలో పడి రోడ్డు మసకగా కనిపిస్తుంది. ముదురు బూడిదరంగు, మెరుపు లేనిది, మేలు. ప్లాస్టిక్ భాగాలకు రంగు నిలవాలంటే ముందు సబ్బునీళ్లతో కడిగి, పాత పాలిష్ జిడ్డు పూర్తిగా తీసి, ప్లాస్టిక్‌కు పట్టించే ప్రత్యేకమైన అస్తరు పూయాలి. డాష్‌బోర్డుకు పూసే సిలికాన్ పాలిష్ డబ్బాను, బాడీ రంగు కొట్టే రోజుల్లో షెడ్డు దరిదాపులకు రానివ్వకండి. దాని జిడ్డు చుక్క పడినచోట రంగు నిలవక చేపకన్నులా గుంట పడుతుంది.

సీటు బెల్టుకు ఏ రంగూ వేయించకండి. రంగుల్లోని, బ్లీచుల్లోని రసాయనాలకు పట్టీ నేత బలహీనపడుతుంది. చూడటానికి బాగానే ఉంటుంది, అవసరమైన రోజున తెగుతుంది. మీది ఎయిర్‌బ్యాగులున్న కారైతే, వాటి మూతల మీద రంగు, రెక్సిను ఏదీ పడకూడదు. సీటు పక్కన ఎయిర్‌బ్యాగు ఉంటే దానికి తగిన కుట్టు ఉన్న కవర్లే తీసుకోండి.

కారు ఇంటికి వచ్చాక నెల రోజులు మైనం పాలిష్ పట్టవద్దు, ప్లాస్టిక్ కవరు కప్పవద్దు. పొరలోని ద్రావకం ఇంకా మెల్లగా బయటికి పోతుంటుంది. చెట్టు కింద నిలిపితే పిట్టల రెట్టలు వెంటనే నీళ్లతో కడగండి. మిగిలిన డ్యూకోనో ఎనామెలో చిన్న సీసాలో గట్టిగా మూత పెట్టి, పైన షేడు కోడు రాసి దాచండి. హార్డెనరు కలిపిన పి.యు. రంగు దాచడానికి పనికిరాదు, కలపని రంగును మాత్రమే దాచుకోవాలి. కొత్త రంగు రాసిన ఆర్.సి. కారులో పెట్టుకోండి. చెక్‌పోస్టులో అడిగేది దాన్నే.