నది బాగుపడింది నదిలో కాదు, పొలాల్లో!



మా ఊరి వాగు మా నాన్న రోజుల్లో సంక్రాంతి దాకా పారేదట. ఇప్పుడు వాన వెలిసిన నాలుగో రోజుకే ఇసుక కనపడుతోంది. ఆ వాగు ఒడ్డునే నా బోరు. జీవామృతం పోస్తున్నాం, ఆచ్ఛాదన వేస్తున్నాం, అంతా బాగుంది. అసలు నీళ్లే లేకపోతే ఏం చేస్తామండీ? అందుకే ఈసారి వీడియోలో అర్వరి నది కథ పెట్టాను.

అర్వరి రాజస్థాన్‌లోని ఆల్వార్ జిల్లాలో ఉంది. కొండల మీద అడవి పోయి, పాత చెరువులు పూడిపోయి, నది ఎండిపోయింది. మగవాళ్లు పనుల కోసం వలస పోయారు. 1985లో తరుణ్ భారత్ సంఘ్ తరఫున రాజేంద్ర సింగ్, ఆయన మిత్రులు అక్కడికి వెళ్లారు. ఆయన చదివింది ఆయుర్వేదం. వైద్యం చేద్దాం, చదువు చెబుదాం అనుకుంటే, ఊరి పెద్దాయన ఒకరు ముందు నీళ్ల సంగతి చూడమన్నారు. అలా గోపాల్‌పురా గ్రామంలో జోహడ్ పని మొదలైంది.

జోహడ్ అంటే పెద్ద విద్యేం కాదు. వాలుకి అడ్డంగా నెలవంకలా వేసే మట్టికట్ట. పరిగెత్తే వాన నీరు అక్కడ ఆగి, నిదానంగా భూమిలోకి ఇంకుతుంది. కింద బావులు ఊరతాయి. అడుగున చేరిన ఒండ్రు పొలానికి బలం. వాన నీరు ఎటు పారుతుందో ఊళ్లో పశువులు కాసే ముసలాయనకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

నది పుట్టేచోట ఉన్న భావతా-కోల్యాలా రైతులు శ్రమదానంతో కట్టలు వేశారు. వాళ్లని చూసి కింది ఊళ్లూ కదిలాయి. ఆ నది పరీవాహకంలో వందల కట్టలు లేచాయి. 1995 నాటికి అర్వరి ఏడాది పొడవునా పారింది. గమనించండి, నదిలో ఎవరూ యంత్రం దించలేదు. పని అంతా పైన, వాలులో, పొలాల్లో జరిగింది.

నీళ్లొచ్చాక అసలు పరీక్ష మొదలైంది. నదిలో చేపల గుత్తను ప్రభుత్వం బయటివాళ్లకి ఇస్తే ఊళ్లు ఒప్పుకోలేదు, అది రద్దయ్యింది. తర్వాత సుమారు 70 ఊళ్లు కలిసి ‘అర్వరి సంసద్’ పెట్టుకున్నాయి. చెరకు, వరి లాంటి నీళ్లు తాగే పంటలు వద్దని తమకు తామే కట్టుబాటు చేసుకున్నాయి.

ఇదంతా మా బాబాయికి ఉత్సాహంగా చెప్పాను. ఆయన ఒకటే మాట అన్నాడు: "బాగుందిరా, మరి బోరు కింద నీ రెండెకరాల వరి సంగతేంటి?"

నోరు మూతపడింది. ఈ రబీలో ఆ రెండెకరాల్లో కొర్ర వేశాను. పైచేలో వాలుకి అడ్డంగా కట్ట వేశాం, బాబాయి కూడా పార పట్టాడు. వాగు పారిందని చెప్పను, ఒక్క కట్టతో పారదు. పైనున్న మరో నలుగురు రైతుల్ని అడుగుతున్నాం.

మీ వాగుకి పైన ఎవరి పొలం ఉందో ఒకసారి నడిచి చూడండి. అది మీదే అయితే, ఈ వానలకి ముందే పార పట్టండి.