డెక్కన్ ఛార్జర్స్ టీమ్‌ని చెదరగొట్టకపోతే ఇంకెన్ని కప్పులు వచ్చేవి? రోహిత్ ఒక్కడితో తేలే లెక్క కాదిది!

ఐపీఎల్ వేలం దగ్గర పడితే చాలు, తెలుగు ఫ్యాన్స్ మధ్య ఒక పాత పంచాయితీ మళ్లీ మొదలవుతుంది. హైదరాబాద్ మెట్రోలోనైనా, అనంతపురం జిల్లా గార్లదిన్నెలో టీ అంగడి దగ్గరైనా మాట మాత్రం ఒక్కటే. "రోహిత్ మన టీమ్‌లోనే ఉండె కదన్నా, ఎట్ల పోనిచ్చినారు?"

నిజానికి గార్లదిన్నె లాంటి ఊళ్లకు ఈ బాధ కొత్తదేం కాదు. పండక్కి టోర్నీ గెలిచిన టీమ్ మళ్లీ ఏడాదికి అట్లాగే ఉండటం కరవు సీమలో కష్టమే. వాన పడక, చేన్లో పని లేక బాగా ఆడే పిల్లోళ్లు బెంగళూరు బస్సెక్కేస్తారు. కానీ డెక్కన్ ఛార్జర్స్ సంగతి అది కాదు. అక్కడ ఆటగాళ్లను ఉంచుకునే అవకాశం ఉంది. రూల్ ఉంది. అయినా ఒక్కరిని కూడా ఉంచుకోలేదు. మరి ఉంచుకుని ఉంటే కప్పులు వచ్చేవా? ఫ్యాన్స్ అనుకున్నంత సింపుల్‌గా లేదు జవాబు.

అట్టడుగు నుంచి కప్పు దాకా

2008లో తొలి ఐపీఎల్. సొంతూరి ఆటగాడు వీవీఎస్ లక్ష్మణ్ 'ఐకాన్' హోదాను వద్దనుకున్నాడు. ఆ డబ్బు మిగిలితే టీమ్‌కు మంచి ఆటగాళ్లు వస్తారన్నది ఆలోచన. అట్లాగే వచ్చారు కూడా. ఆండ్రూ సైమండ్స్‌కు 13.5 లక్షల డాలర్లు పెట్టారు. ఆ వేలంలో ధోనీ తర్వాత అంత రేటు పలికింది అతనికే. గిల్‌క్రిస్ట్, గిబ్స్, ఆర్పీ సింగ్, 20 ఏళ్ల రోహిత్ శర్మ... పేపర్ మీద చూస్తే భయపెట్టే టీమ్.

గ్రౌండ్‌లో చూస్తే 14 మ్యాచ్‌ల్లో 2 గెలుపులు. ఎనిమిది టీమ్‌లలో ఎనిమిదో స్థానం.

చాలామంది మర్చిపోయే పాయింట్ ఇక్కడే ఉంది. అంత ఘోరంగా ఓడినా మేనేజ్‌మెంట్ ప్రధాన ఆటగాళ్లను మార్చలేదు. కెప్టెన్సీ గిల్‌క్రిస్ట్‌కు, కోచ్ బాధ్యత డారెన్ లీమన్‌కు ఇచ్చి, దాదాపు అదే బలగంతో 2009లో దక్షిణాఫ్రికా వెళ్లింది. ఎన్నికల వల్ల ఆ ఏడు టోర్నీ అక్కడ జరిగింది. సెమీస్‌లో ఢిల్లీ మీద గిల్‌క్రిస్ట్ 35 బంతుల్లో 85 బాదాడు. మే 24న జొహానెస్‌బర్గ్‌లో ఫైనల్. బెంగళూరు ముందు 144 పరుగుల టార్గెట్. ఆఖరి ఓవర్లో 15 కావాలి, ఆర్పీ సింగ్ 8 మాత్రమే ఇచ్చాడు. 6 పరుగులతో కప్పు మనది. టోర్నీలో అత్యధికంగా 23 వికెట్లు తీసింది కూడా ఆర్పీ సింగే.

అంటే కలిసి ఉంటే ఫలితం వస్తుందని ఈ టీమే ఒకసారి నిరూపించింది. 2008లోనే విసిగిపోయి అందరినీ మార్చేసి ఉంటే 2009 కప్పు వచ్చేదా? అనుమానమే.

కానీ ఆ వెంటనే ఏమైందో కూడా చూడాలి. అదే ఏడాది అక్టోబర్‌లో ఛాంపియన్స్ లీగ్ జరిగితే, డెక్కన్ రెండు మ్యాచ్‌లూ ఓడి గ్రూప్ దశలోనే ఇంటికి పోయింది. 2010 ఐపీఎల్‌లో ఉప్పల్‌లో ఆడటమే కుదరలేదు. తెలంగాణ ఉద్యమం వేడి మీద ఉండటంతో హోమ్ మ్యాచ్‌లను నాగ్‌పూర్, కటక్, నవీ ముంబైకి మార్చారు. సొంత జనం లేకుండానే సెమీస్ దాకా వెళ్లి చెన్నై చేతిలో 38 పరుగుల తేడాతో ఓడింది. ఆ సీజన్‌లో 21 వికెట్లతో పర్పుల్ క్యాప్ మన ప్రజ్ఞాన్ ఓజాది.

మూడేళ్లలో ఒక కప్పు, ఒక సెమీస్. చెడ్డ రికార్డేం కాదు.

2011 జనవరి.. అసలు దెబ్బ

2011 వేలానికి ముందు ప్రతి పాత టీమ్ నలుగురి దాకా ఆటగాళ్లను అట్టిపెట్టుకోవచ్చని బోర్డు చెప్పింది. మొత్తం పర్సు 90 లక్షల డాలర్లు. మొదటి ఆటగాడిని ఉంచుకుంటే అందులో 18 లక్షలు కోత, రెండో వాడికి 13 లక్షలు, మూడో వాడికి 9, నాలుగో వాడికి 5. నలుగురినీ ఉంచుకుంటే పర్సులో సగం పోతుంది.

చెన్నై నలుగురినీ ఉంచుకుంది: ధోనీ, రైనా, మురళీ విజయ్, ఆల్బీ మోర్కెల్. ముంబై కూడా సచిన్, హర్భజన్, పొలార్డ్, మలింగలను వదల్లేదు. బెంగళూరు ఒక్క కోహ్లీని పట్టుకుంది. అప్పటికి కోహ్లీ వయసు 22.

డెక్కన్ ఉంచుకున్నది సున్నా. ఇట్లా చేసింది డెక్కన్ ఒక్కటే కాదు, కోల్‌కతా, పంజాబ్ కూడా అందరినీ వదిలేశాయి. ఆటగాడు కూడా ఒప్పుకుంటేనే రిటెన్షన్ కుదురుతుంది కాబట్టి తప్పంతా ఒకరి మీదే వేయలేం. ఏదేమైనా వేలంలో రోహిత్‌ను ముంబై 20 లక్షల డాలర్లకు ఎగరేసుకుపోయింది. సైమండ్స్, సుమన్ కూడా ముంబైకే. గిల్‌క్రిస్ట్ పంజాబ్‌కు, ఆర్పీ సింగ్, లక్ష్మణ్ కొత్త టీమ్ కొచ్చికి, మన విశాఖ ఆటగాడు వేణుగోపాలరావు ఢిల్లీకి. గిబ్స్‌ను ఎవరూ కొనలేదు. ఓజాను మాత్రం వేలంలో మళ్లీ కొన్నారు, ఏడాదికే అతనూ ముంబై చేరాడు. వేరే టీమ్ పాడిన రేటుకే పాత ఆటగాడిని వెనక్కి తెచ్చుకునే 'రైట్ టు మ్యాచ్' కార్డు వచ్చింది 2014లో. అప్పటికది లేదు.

ఇప్పుడు లెక్క చూడండి. రోహిత్‌ను ఉంచుకుంటే పర్సులో కోత పడేది 18 లక్షలు. అదే వేలంలో డెక్కన్ కామెరాన్ వైట్‌కు 11 లక్షలు, డేల్ స్టెయిన్‌కు 12 లక్షలు పెట్టింది. వైట్‌ను వదిలేసుకుని ఇంకో ఏడు లక్షలు కలిపితే రోహిత్ ఇక్కడే ఉండేవాడు. స్టెయిన్ కూడా ఉండేవాడు. రైతు భాషలో చెప్పాలంటే కాయలతో పాటు విత్తనకాయలు కూడా అమ్మేసుకున్నారు.

అందరినీ ఉంచుకుంటే?

ఫ్యాన్స్ అడిగే ప్రశ్నలోనే చిన్న తేడా ఉంది. "2009 టీమ్ మొత్తం కలిసి ఉంటే" అంటారు. 2011 వేలం నాటికి గిల్‌క్రిస్ట్‌కు 39 ఏళ్లు, గిబ్స్, లక్ష్మణ్‌లకు 36, సైమండ్స్‌కు 35. గిల్‌క్రిస్ట్ ఆ ఏడు పంజాబ్ తరఫున సెంచరీ కొట్టిన మాట నిజమే గానీ, ఈ బ్యాచ్‌తో ఇంకో ఐదేళ్లు కప్పుల వేట సాగేది కాదు. ముందున్న కాలం ఇద్దరిది: 23 ఏళ్ల రోహిత్, 24 ఏళ్ల ఓజా. ఆర్పీ సింగ్‌ను కూడా కలుపుకుంటే ముగ్గురు. బాధపడాల్సింది మొత్తం టీమ్ కోసం కాదు, వీళ్ల కోసం.

ఈ విషయంలో అమెరికా బాస్కెట్‌బాల్ ఫ్యాన్స్ బాధ ఇంకా పెద్దది. ఎన్‌బీఏలో ఓక్లహోమా సిటీ థండర్ అనే టీమ్ 2012లో ఫైనల్ ఆడి మయామీ చేతిలో 4-1తో ఓడింది. అప్పటికి కెవిన్ డ్యూరాంట్, రస్సెల్ వెస్ట్‌బ్రూక్‌లకు 23, జేమ్స్ హార్డెన్‌కు 22. కొన్ని మిలియన్ డాలర్ల దగ్గర బేరం తెగక ఆ అక్టోబర్‌లోనే హార్డెన్‌ను హ్యూస్టన్‌కు ఇచ్చేశారు. 2016లో డ్యూరాంట్ గోల్డెన్ స్టేట్‌కు వెళ్లి రెండు టైటిళ్లు గెలిచాడు. ఆ ముగ్గురూ వేర్వేరు ఏళ్లలో లీగ్ అత్యుత్తమ ఆటగాళ్లుగా ఎంపికయ్యారు. ఒకే టీమ్‌లో మొదలైన ముగ్గురూ! థండర్‌కు కప్పు వచ్చింది 2025లో, పూర్తిగా వేరే కుర్రాళ్లతో. డెక్కన్‌తో పోలిస్తే "కలిసి ఉంటే గెలిచేవాళ్లు" అన్న మాట థండర్‌కే ఎక్కువ సరిపోతుంది. ఎందుకంటే అక్కడ ముగ్గురిదీ ఎదిగే వయసు. అయినా 2013 ప్లేఆఫ్స్‌లో వెస్ట్‌బ్రూక్ మోకాలికి దెబ్బ తగిలింది. హార్డెన్ ఉన్నా ఆ గాయం ఆగేది కాదు కదా.

కలిసి ఉన్నా కప్పు గ్యారంటీ కాదు

మన హైదరాబాద్‌లోనే ఇంకో ఉదాహరణ ఉంది. సన్‌రైజర్స్ 2016 నుంచి 2020 దాకా వరుసగా ఐదేళ్లు ప్లేఆఫ్స్ ఆడింది. ధావన్ 2019కి ముందు ఢిల్లీ వెళ్లినా వార్నర్, విలియమ్సన్, భువనేశ్వర్, 2017లో వచ్చిన రషీద్ ఖాన్ కలిసే ఉన్నారు. ఐదేళ్లలో వచ్చింది ఒకే ఒక్క కప్పు, 2016లో. అదీ బెంగళూరు మీద 8 పరుగులతో. 2018లో ఫైనల్ దాకా వెళ్లి చెన్నై చేతిలో ఓడింది. చెన్నై సంగతి కూడా అంతే. నలుగురినీ పట్టుకుని 2010 నుంచి 2013 దాకా వరుసగా నాలుగు ఫైనల్స్ ఆడి రెండే గెలిచింది.

అంటే కలిసి ఉండటం వల్ల వచ్చేది కప్పు కాదు, కప్పు కోసం ఆడే ఛాన్స్. ఆ ఛాన్స్ ఎన్నిసార్లు వస్తే అంత మంచిది. రోహిత్ కెప్టెన్‌గా ముంబైకి తెచ్చిన ఐదు కప్పుల్లో రెండు, 2017, 2019ల్లో, ఒక్క పరుగు తేడాతో వచ్చినవే. ఆ రెండు ఫైనల్సూ జరిగింది ఎక్కడో కాదు, ఉప్పల్‌లోనే. తెలుగు ఫ్యాన్స్‌కు ఇంతకన్నా కాలే విషయం ఇంకోటి ఉండదేమో!

అయితే సన్‌రైజర్స్ చెదిరిపోయాక జరిగింది కూడా గమనించాలి. 2021లో వార్నర్‌ను కెప్టెన్సీ నుంచి తీసేశారు, ఆ తర్వాత తుది జట్టులోంచీ తప్పించారు. ఆ సీజన్‌లో ఆఖరి స్థానం. రషీద్ గుజరాత్‌కు వెళ్లి మొదటి సీజన్‌లోనే, 2022లో కప్పు కొట్టాడు. హైదరాబాద్ 2022లో ఎనిమిదో స్థానం, 2023లో పదో స్థానం.

మరి డెక్కన్ మాటేంటి?

రోహిత్, ఓజాలను ఉంచుకుని, స్టెయిన్‌ను తెచ్చుకుని ఉంటే 2011లో పది టీమ్‌లలో ఏడో స్థానం, 2012లో తొమ్మిదింటిలో ఎనిమిదో స్థానం వచ్చేవి కావు. ప్లేఆఫ్స్ అవకాశం గట్టిగానే ఉండేది. ఒక కప్పు వచ్చినా ఆశ్చర్యం లేదు. కానీ ముంబైలో రోహిత్ చుట్టూ పొలార్డ్, మలింగ ఉన్నారు, తర్వాత బుమ్రా, పాండ్యా వచ్చారు. ఆ ఐదు కప్పులూ ఇక్కడికే వచ్చేవనుకోవడం అత్యాశే.

పైగా అసలు సమస్య గ్రౌండ్ బయట ఉంది. ఓనర్ డెక్కన్ క్రానికల్ హోల్డింగ్స్ అప్పుల్లో కూరుకుపోయింది. 2012 సెప్టెంబర్‌లో బోర్డు ఫ్రాంచైజీని రద్దు చేసింది. ఏ ఆటగాడు ఉన్నా, ఎవరు కెప్టెన్ అయినా అది ఆగేది కాదు. రోహిత్ ఇక్కడే ఉండి ఉంటే అతని కెప్టెన్సీ మొదలయ్యే నాటికి డెక్కన్ ఛార్జర్స్ అనే టీమే లేదు.

2012 అక్టోబర్ 25న హైదరాబాద్ ఫ్రాంచైజీని ఏడాదికి 85.05 కోట్ల రూపాయలకు సన్ టీవీ దక్కించుకుంది. స్టెయిన్, ధావన్, అమిత్ మిశ్రా లాంటి డెక్కన్ ఆటగాళ్లను కొత్త ఓనర్ వదల్లేదు. అంతకు ముందు ఏడు ఎనిమిదో స్థానంలో ఉన్న ఆ బలగమే 2013లో ప్లేఆఫ్స్‌కు వెళ్లింది. అదే సీజన్‌లో, మే 26న కోల్‌కతాలో రోహిత్ ముంబై కెప్టెన్‌గా మొదటి కప్పు ఎత్తాడు. ఆ ముంబై జట్టులో 2009 నాటి డెక్కన్ ఆటగాళ్లు ఇంకో ఇద్దరున్నారు: డ్వేన్ స్మిత్, ప్రజ్ఞాన్ ఓజా.