కుండలకేశి కథ: హంతకుడగు భర్త, ఉపాయవతియగు భార్య

భార్యను చంపజూచు భర్త కథలనగానే విమర్శకులకు ముందుగా స్ఫురించునది ఫ్రెంచి రచయిత పెర్రో 1697లో ప్రకటించిన నీలిగడ్డమువాని కథ. ఆర్నె, థాంప్సనుల కథాప్రకార సూచియందు ఈ కుటుంబమునకు చెందిన కథలు 311, 312, 955 సంఖ్యల క్రింద చేర్పబడినవి. అయితే పెర్రో కథలోని ఇల్లాలు చేసినది కాలయాపనము మాత్రమే. దైవప్రార్థనకు గడువడిగి ఆమె ప్రొద్దుపుచ్చుచుండగా సోదరులు వచ్చి వానిని చంపిరి. ఒరుల సాయము లేక ప్రాణము కాపాడుకొనిన నాయిక కావలెనన్నచో మనము పాళీ వాఙ్మయమును తెరువవలెను.

ధమ్మపద అట్ఠకథలో 102, 103 గాథల సందర్భమున కుండలకేశి వృత్తాంతము కలదు. రాజగృహమున నొక శ్రేష్ఠికూతురు, వధ్యస్థానమునకు గొనిపోబడుచున్న దొంగను చూచి వానినే వరించెను. తండ్రి లంచమిచ్చి వానిని విడిపించి పెండ్లి చేసెను. కొలది దినములలో వాని కన్ను ఆమె నగలపై బడెను. కొండదేవతకు మ్రొక్కు కలదని నమ్మించి, దొంగలను పడద్రోయు కొండకొమ్మునకు ఆమెను గొనిపోయి, అచ్చట తన తలంపు బయటపెట్టెను. నగలన్నియు తీసికొని దాసిగానైన నుండనిమ్మని ఆమె వేడెను, వాడు వినలేదు. అంతట ఆమె, చివరిసారి మ్రొక్కనిమ్మని కోరి, ముమ్మారు ప్రదక్షిణము చేసి, నలుదెసల నమస్కరించి, వెనుకకు పోయినప్పుడు వానిని లోయలోనికి త్రోసెను.

ప్రదక్షిణ నమస్కారములు పతిభక్తికి చిహ్నములు. కావుననే దొంగ శంకింపలేదు. వాని వెనుకకు చేరుటకు ఆమెకు దొరకిన దారియు అదియే. 419వ దగు సులసా జాతకమునందును కాశీనగరపు వేశ్య ఇదే విధమున తన దొంగను కూల్చెను. అది చూచిన దేవత, బుద్ధి పురుషుల సొత్తే కాదని మెచ్చుకొనెను.

ఛైల్డు పండితుని ఆంగ్ల గేయకథా సంకలనమున నాలుగవదైన ఇసబెల్ కథ దీనితో పోల్చదగినది. పెక్కుమంది కన్నెలను చంపిన ప్రియుడొకడు ఈమెను నీటియొడ్డుకు తెచ్చి, విలువగల వస్త్రములు విడువుమనును. వివస్త్రయగు స్త్రీని చూచుట తగదు, మొగము త్రిప్పుకొమ్మని ఆమె అనును. వాడు త్రిప్పుకొనగానే నీటిలో బడును. అచ్చట భక్తి, ఇచ్చట లజ్జ. సంఘము స్త్రీకి విధించిన గుణమే రెండుచోట్లను ఆయుధమైనది. పంజాబునందు స్టీలు, టెంపులులు సేకరించి 1884లో ప్రకటించిన బోపొలూచి కథలో ఆ ఆయుధము మరింత ఇంటిదినుసు: మేనమామనని నమ్మించి తెచ్చిన దొంగ యింట ఆ పిల్ల వాని ముసలితల్లిని రోకటితో చంపి, పెండ్లిబట్టలు కట్టి, రాటము ముందు కూర్చుండబెట్టి పోవును. ఇంతటి కఠినహాస్యము పాళీకథకులకు లేదు.

మన తెలుగు కథాకావ్యముల సంగతి వేరు. పదుమూడవ శతాబ్దమున కేతన తెనిగించిన దశకుమారచరిత్రమునందలి ధూమిని కథలో భర్త సాధువు, త్రోసినది భార్య, పడినది నూతిలో. త్రోయుట యను ఒకే క్రియ స్త్రీబుద్ధికి ప్రశంసగను, స్త్రీస్వభావమునకు నిందగను వాడబడినది. దండి మూలముననే యున్న ఈ నింద తెలుగు కావ్యమునకు చేరగా, ఆ ప్రశంస ప్రధానముగా బౌద్ధుల కడనే నిలిచినది.

అరవమున నాథగుత్తనారు రచించిన కుండలకేశి కావ్యము చాలవరకు నశించినది. దానికి ప్రతిగా జైనులు వ్రాసిన నీలకేశి వ్యాఖ్యనుబట్టి చూడగా, అందు భర్త చంపబూనినది నగలకై కాదు. ప్రణయకలహమున భార్య తన్ను దొంగయని పరిహసించినందులకు. నా మతమున ఈ మార్పు కథను లోతుపరచినది. నగలకై చంపువాడు కేవలము దొంగ. మాటకై చంపువాడు భర్త.

పెర్రో నాయిక వాని ధనమునకు వారసురాలై, మరల పెండ్లాడి సుఖించెను. కుండలకేశికి పుట్టినింటి త్రోవయు మూసికొనిపోయినది. థేరీగాథా వ్యాఖ్యనుబట్టి ఆమె నిగంఠులలో చేరెను. తాటి దువ్వెనతో పెరికిన వెండ్రుకలు మరల ఉంగరములై మొలచుటచే ఆ పేరు వచ్చినది. ఐతే థేరీగాథలలో ఆమె పేర నున్న అయిదు గాథలలో (107-111) భర్త ప్రసక్తియే లేదు. అంగ, మగధ, వజ్జి, కాశీ, కోసలములలో ఏబదియేండ్లు భిక్షాటనము చేసితినని ఆమె చెప్పుకొన్నది. కొండకొమ్ము కథ వ్యాఖ్యాతలది. సులసకును అదియే కథ చెప్పబడుటచే, జనుల నోట సంచరించుచున్న కథ యొకటి ఈ భిక్షుణి పేరికి వచ్చి చేరినదని తలచుట యుక్తము.