ఎక్స్ఛేంజ్ సెమిస్టర్: మోవా నుంచి జర్మనీ వెళ్లే విద్యార్థికి అక్కడ రోజు ఎలా గడుస్తుంది?

రాయపూర్‌లోని మోవాలో ఒక తెలుగు ఇల్లు. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, ఛత్తీస్‌గఢీ, కాలేజీలో ఇంగ్లిష్. ఆ ఇంట్లో ఇంజినీరింగ్ మూడో ఏడాది చదివే అమ్మాయికి జర్మనీలో ఒక సెమిస్టర్ చదివే అవకాశం వచ్చిందనుకుందాం. చుట్టాలు అడిగే మొదటి ప్రశ్న: ‘‘అయితే ఇక అక్కడే ఉద్యోగమా?’’

కాదు. ఎక్స్ఛేంజ్ విద్యార్థి రాయపూర్ కాలేజీ విద్యార్థిగానే ఉంటుంది. డిగ్రీ ఇచ్చేదీ ఇక్కడి కాలేజీయే. జర్మనీలో డిగ్రీ పూర్తిచేసిన వారికి ఉద్యోగం వెతుక్కోవడానికి 18 నెలల వరకు గడువు ఇస్తారు. ఎక్స్ఛేంజ్‌కు వెళ్లినవారికి అది వర్తించదు. సెమిస్టర్ అయ్యాక తిరిగి రావాల్సిందే.

ఖర్చు ఎవరిది?

‘అక్కడ ఫీజు లేదు’ అన్నది సగం నిజమే. అక్కడ ట్యూషన్ ఫీజు కట్టనక్కర్లేదు కానీ, ఇక్కడి కాలేజీ ఫీజు మామూలుగానే కట్టాలి. వీసా కోసం నెలకు 992 యూరోల చొప్పున బ్లాక్డ్ ఖాతాలో చూపించాలి. ఆరు నెలలకు 5,952 యూరోలు, అంటే 5 లక్షల రూపాయలకు పైమాటే. ఆ డబ్బు మనదే, అక్కడికి వెళ్లాక నెలనెలా చేతికొస్తుంది. గది అద్దె, ఆరోగ్య బీమా, తిండి అందులోంచే గడవాలి.

మొదటి వారాలు

గదిలో దిగిన రెండు వారాల్లోగా స్థానిక కార్యాలయంలో చిరునామా నమోదు చేయించుకోవాలి. ఇంటికి 18.36 యూరోల ప్రసార రుసుము ప్రతి నెలా కట్టాలి. టీవీ లేకపోయినా తప్పదు. నలుగురు ఒకే ఫ్లాట్‌లో ఉంటే పంచుకోవచ్చు.

ఆదివారం దుకాణాలు మూసేస్తారు. శనివారం బియ్యం, కూరగాయలు తెచ్చుకోవడం మరిచిపోతే సోమవారం దాకా ఆగాలి. ఇంటి నుంచి ఆవకాయ తీసుకెళ్లొచ్చు కానీ, నెయ్యి, కోవా లాంటి పాల పదార్థాలను సామానులో తేవడానికి యూరోపియన్ యూనియన్ నిబంధనలు ఒప్పుకోవు. పోపు పొగకు గదిలో అలారం మోగడం కొత్తగా వెళ్లినవారికి త్వరగానే అనుభవమవుతుంది. రాత్రి పది దాటాక చప్పుడు చేస్తే పక్కగది వాళ్లు వచ్చి తలుపు తడతారు.

డిసెంబరులో సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడుతుంది. అప్పటికి మోవాలో రాత్రి తొమ్మిది. క్లాసు అయ్యాక అమ్మకు ఫోన్ చేయాలంటే వెంటనే చేయాలి. వంట చేసుకుని తిన్నాక చేద్దామనుకుంటే అక్కడ అందరూ నిద్రలో ఉంటారు.

చదువులో తేడా

చాలా లెక్చర్లకు హాజరు తీసుకోరు. మన దగ్గరి 75 శాతం నిబంధనకు అలవాటుపడిన వారికి ఇది హాయిగా అనిపిస్తుంది. అసలు ఇబ్బంది చివర్లో వస్తుంది. చాలా సబ్జెక్టులకు ఇంటర్నల్ మార్కులు ఉండవు, ఒకే పరీక్ష మీద మొత్తం గ్రేడు ఆధారపడుతుంది. ఆ పరీక్షకు గడువులోగా విడిగా పేరు నమోదు చేసుకోవాలి. మరిచిపోతే సెమిస్టరంతా చదివినా రాయనివ్వరు.

గ్రేడ్లూ తలకిందులే. 1.0 అంటే అత్యుత్తమం, 4.0 అంటే అత్తెసరుగా పాస్, 5.0 అంటే ఫెయిల్. ‘‘ఒకటే వచ్చిందా!’’ అని నాన్న కంగారుపడాల్సిన పనిలేదు.

సెమిస్టర్ ఎక్కడ పోతుంది?

యూరప్‌లో ఒక సెమిస్టర్‌కు 30 క్రెడిట్లు, ఒక్కో క్రెడిట్‌కు 25 నుంచి 30 గంటల చదువు. మన జాతీయ క్రెడిట్ ఫ్రేమ్‌వర్క్ ప్రకారం ఏడాదికి 1,200 గంటలకు 40 క్రెడిట్లు, అంటే సెమిస్టర్‌కు 20. రెండు లెక్కలూ వేరు కాబట్టి, అక్కడి ఏ సబ్జెక్టును ఇక్కడి దేనికి సమానంగా తీసుకుంటారో వెళ్లేముందే రాతపూర్వకంగా ఉండాలి. దీన్నే లెర్నింగ్ అగ్రిమెంట్ అంటారు. అక్కడికెళ్లాక సబ్జెక్టు మారిస్తే ఆ కాగితమూ మార్చి, రెండు వైపులా సంతకాలు పెట్టించుకోవాలి. ‘పర్వాలేదు, వచ్చాక చూద్దాం’ అన్న నోటిమాటను నమ్ముకుంటే, తిరిగొచ్చాక అవే సబ్జెక్టులు మళ్లీ రాయాల్సి రావచ్చు.

క్యాలెండర్ కూడా చూసుకోవాలి. జర్మనీ శీతాకాల సెమిస్టర్ అక్టోబరులో మొదలవుతుంది. పరీక్షలు చాలాచోట్ల ఫిబ్రవరిలో జరుగుతాయి. మన దగ్గర జనవరికే తర్వాతి సెమిస్టర్ క్లాసులు మొదలవుతాయి. ఆ మధ్య పోయే వారాల హాజరు సంగతి ఎవరు చూస్తారో ముందే తేల్చుకోవాలి.

కాబట్టి చుట్టాలు అడిగిన ప్రశ్న కంటే, మోవాలోని ఆ ఇల్లు కాలేజీని అడగాల్సిన ప్రశ్న ముఖ్యం: ‘‘మా అమ్మాయి తెచ్చే మార్కులను ఏ సబ్జెక్టుల కింద, ఎన్ని క్రెడిట్లుగా రాసుకుంటారు?’’ దానికి సంతకంతో జవాబు వచ్చాకే టికెట్ కొనాలి.