డాంగిల్ ఇంటిపేరు ఏమిటి?

పాత టీవీకి వైఫై తగిలించబోతే బయటపడిన ఓ జాబితా కథ

‘పాత టీవీకి వైఫై పెట్టుకోవడం ఎలా? ముఖచిత్ర కథనం. బుధవారం సాయంత్రానికల్లా కావాలి’ అన్నారు ఎడిటర్ గారు. ‘అందరిళ్లలోనూ ఒకటుంటుందయ్యా’ అని కూడా అన్నారు. నిజమే. 2010-12 మధ్య పండగ ఆఫర్లలో కొన్న ఎల్‌సీడీయో ప్లాస్మాయో హాల్లోంచి బెడ్‌రూమ్‌కి జరిగి, లేదంటే ఊళ్లో అమ్మానాన్నల దగ్గరికి చేరి, ఇంకా నిక్షేపంలా పనిచేస్తూనే ఉంటుంది. బొమ్మకి వంక పెట్టడానికి లేదు. వెనకాల యూఎస్‌బీ ఉంది, లాన్ సాకెట్ ఉంది, హెచ్‌డీఎంఐలు రెండు మూడున్నాయి. వైఫై ఒక్కటే లేదు. అట్టపెట్టె మీద మాత్రం ‘వైర్‌లెస్ లాన్ రెడీ’ అని ఉంటుంది. అడాప్టర్ విడిగా కొనుక్కోమని దానర్థం.

దుకాణాల్లో దాన్నే డాంగిల్ అంటారు. కోఠీలోని గుజరాతీ గల్లీకి వెళ్లి కంప్యూటర్‌కి వైఫై డాంగిల్ కావాలంటే నాలుగైదు రకాలు తీసి కౌంటర్ మీద పరుస్తారు. టీవీకి అన్నామా, ‘ఏ కంపెనీ? ఏ మోడల్?’ అని ఎదురు ప్రశ్న. రెండూ అదే యూఎస్‌బీ, అదే వైఫై. కంప్యూటర్‌కి అక్కర్లేని ఆరా టీవీకి ఎందుకు? ఎడిటర్ గారడిగిన ‘ఎలా’ సంగతి తర్వాత చూద్దాం. నన్ను పట్టి లాగింది మాత్రం ఈ ‘ఎందుకు’.

నువ్వు ఎవరింటి దానివి?

డాంగిల్ గుచ్చగానే టీవీ చేసే మొదటి పని దాని వివరం అడగడం. జవాబుగా డాంగిల్ 18 బైట్ల చిట్టీ ఒకటి అందిస్తుంది. డివైస్ డిస్క్రిప్టర్ అంటారు దాన్ని. మౌస్ అయినా పెన్‌డ్రైవ్ అయినా ప్రింటరైనా, యూఎస్‌బీ వస్తువన్నాక ఈ చిట్టీ ఇవ్వాల్సిందే. అందులో రెండు బైట్లు తయారీదారు నంబరు, ఆ పక్క రెండు బైట్లు వస్తువు నంబరు. మన పద్ధతిలో చెప్పుకోవాలంటే ముందు ఇంటిపేరు, తర్వాత పేరు. ఇంటిపేర్లు కేటాయించేది యూఎస్‌బీ ఇంప్లిమెంటర్స్ ఫోరమ్ అనే సంస్థ. అవి ఊరికే రావు, రుసుము కట్టాలి. పేర్లు మాత్రం ఎవరి వస్తువులకు వాళ్లే పెట్టుకుంటారు. ఒక్కోటీ నాలుగేసి గుర్తులు: సున్నా నుంచి తొమ్మిది దాకా అంకెలు, అవి చాలక ఏ నుంచి ఎఫ్ దాకా అక్షరాలు. సామ్‌సంగ్ ఇంటిపేరు 04ఈ8. సోనీది 054సీ.

టీవీ ఈ ఎనిమిది గుర్తులనీ తన దగ్గరున్న జాబితాతో సరిచూసుకుంటుంది. అందులో ఉంటే డ్రైవర్ నిద్రలేచి డాంగిల్‌ని పనిలో పెడుతుంది. లేకపోతే ‘సపోర్ట్ చేయదు’ అని తెర మీద ఓ ముక్క వస్తుంది. చాలా టీవీలు ఆ మర్యాద కూడా పాటించవు. డాంగిల్ మీద లైటు వెలుగుతూనే ఉంటుంది, టీవీ ఉలకదు పలకదు.

ఆ జాబితాని చూడొచ్చా? భేషుగ్గా చూడొచ్చు. ఆ తరం సామ్‌సంగ్, సోనీ టీవీలు లోపల లినక్స్ మీద నడిచేవే. టీవీతో వచ్చిన పుస్తకం చివర్న, ఎవరూ చదవని చీమతలకాయల్లాంటి అక్షరాల్లో, కోడ్ అందరికీ అందుబాటులో ఉండాలనే జీపీఎల్ లైసెన్స్ ప్రకటన ఉంటుంది. లినక్స్ కెర్నల్‌లోని వైఫై డ్రైవర్ ఫైళ్లు ఎవరైనా తెరిచి చదువుకోవచ్చు. వరసకో డాంగిల్ చొప్పున ఇంటిపేరు, పేరు, పక్కనే ఏ కంపెనీ సరుకో తెలిపే చిన్న వ్యాఖ్య. నాకు ఇన్నేళ్లలో ఇంత ఆసక్తిగా చదివించిన టెలిఫోన్ డైరెక్టరీ మరోటి తగల్లేదు.

అందులో నన్ను ఆపేసిన వరస ఇది: 0411, 017ఎఫ్. పక్కన వ్యాఖ్య: సోనీ యూడబ్ల్యూఏ-బీఆర్100. సోనీ బ్రావియా టీవీల కోసమని అమ్మిన అడాప్టర్ అది. అమెరికాలో 80 డాలర్ల దరిదాపుల్లో ఉండేది. సోనీ ఇంటిపేరు 054సీ కదా, ఈ 0411 ఎవరిది? జపాన్‌కే చెందిన, రౌటర్లు అమ్మే బఫెలో అనే కంపెనీది. అదే జాబితాలో బఫెలో సొంత మోడల్ ఒకటి అదే ఇంటిపేరుతో దర్జాగా కూర్చుని ఉంది. ఆ చుట్టుపక్కలే నెట్‌గేర్ వాళ్లది, తోషిబా టీవీలదీ కనిపిస్తాయి. వీటన్నిటి ఎదురుగా డ్రైవర్ రాసుకున్న గుర్తు ఒక్కటే: ఏఆర్9280. ఏథెరోస్ అనే కంపెనీ చిప్పు అది. అంటే డబ్బా మీద పేర్లు వేరు, ధరలు వేరు, లోపలి సరుకు ఒకే తరహా.

సామ్‌సంగ్ తన టీవీల కోసం అమ్మిన డాంగిల్ ‘లింక్‌స్టిక్’ సంగతీ ఇంతే. అది ఉన్నది రాలింక్ చిప్పుల డ్రైవర్ ఫైల్లో. ఆ ఫైలు చాంతాడంత ఉంటుంది. ఏసస్, బెల్కిన్, డీలింక్, లింక్‌సిస్ అంటూ పేజీలకు పేజీలు సాగుతుంది. ఆ మందలో ఎక్కడో మధ్యన 04ఈ8, 2018 అని ఒకే ఒక్క సామ్‌సంగ్ వరస. కంప్యూటర్‌లోని లినక్స్ ఈ జాబితాని మొత్తంగా ఉంచుకుంటుంది కాబట్టి అందులో ఉన్న ఏ డాంగిల్ గుచ్చినా పలుకుతుంది. టీవీ కంపెనీలు తమ వరస ఉంచుకుని మిగతావాటికి తలుపు మూశాయి. గుజరాతీ గల్లీ దుకాణదారు మోడల్ నంబరు అడిగేది అందుకే.

కంపెనీల వాదన కూడా వినాలి. యూఎస్‌బీ 2.0 సాకెట్ ఇవ్వాల్సిన కరెంటు 500 మిల్లీయాంపియర్లే, ఏ డాంగిల్ ఎంత లాగుతుందో తెలియదు. ప్రతి డాంగిల్‌నీ పరీక్షించలేం, వీడియో ఆగితే జనం తిట్టేది టీవీనే అంటారు. ఇందులో సగం ఒప్పుకుంటాను. పరీక్షించని వాటికి ‘మా పూచీ లేదు’ అని ఓ ముక్క చూపించి వదిలేయొచ్చు కదా అన్నది నా మిగతా సగం. కొందరు ఉత్సాహవంతులు అంత ఓపిక పట్టలేదు. రాలింక్ చిప్పున్న చవక డాంగిల్ తెచ్చి, దాని ఈప్రామ్ అనే మెమరీలో ఆ నాలుగు బైట్లూ చెరిపి 04ఈ8, 2018 అని రాసేశారు. దత్తతకి వెళ్లిన పిల్ల ఇంటిపేరు మార్చుకున్నట్టే. టీవీ మారుమాట లేకుండా లోపలికి రానిచ్చింది. అయితే ఇంట్లో ప్రయత్నించమని నేను చెప్పను. రాతలో ఒక్క బైటు తప్పినా డాంగిల్ చెత్తబుట్టలోకే.

తాళం తీశాక లోపలేముంది?

సరే, పాత సరుకు అమ్మే చోట అసలైన కంపెనీ అడాప్టరే దొరికిందనుకుందాం. గుచ్చారు, రౌటర్ పాస్‌వర్డ్ రిమోట్‌తో ఒక్కో అక్షరం ఏరి కొట్టారు, కనెక్ట్ అయింది. ఆ తర్వాత?

యూట్యూబ్ తన పాత తరహా అనుసంధానాన్ని 2015 ఏప్రిల్‌లో ఆపేసింది. దాంతో 2012, అంతకు ముందు వచ్చిన టీవీల్లో చాలావాటిలో ఆ యాప్ మూలనపడింది. 2019 డిసెంబర్ 1 నుంచి నెట్‌ఫ్లిక్స్ 2010, 2011 నాటి కొన్ని సామ్‌సంగ్ టీవీలకు సెలవు చెప్పేసింది. 2021 సెప్టెంబర్ 30న ఇంటర్నెట్ భద్రతకు ఆధారమైన ఓ మూల సర్టిఫికెట్‌కి గడువు తీరింది. అప్‌డేట్లు ఆగిపోయిన పాత పరికరాలెన్నో ఆ రోజు నుంచి చాలా సైట్లను నమ్మడం మానేశాయి. కాబట్టి ఆ పాత అడాప్టర్ కోసం ఊరంతా గాలించడం నా లెక్కన దండగ. వైఫై వస్తుంది, చూడ్డానికేమీ రాదు.

ఇంటి నెట్‌వర్క్‌లోని కంప్యూటర్ నుంచి పెళ్లి వీడియోలు, పాటలు చూసుకుంటే చాలనుకునేవాళ్లకి లాన్ సాకెట్ దారి ఉంది. రౌటర్ వైఫైని అందుకుని లాన్ తీగలోకి మార్చే చిన్న పరికరాన్ని దానికి తగిలించాలి. నెట్‌గేర్ డబ్ల్యూఎన్‌సీఈ2001 అచ్చంగా టీవీల కోసమే వచ్చింది. టీపీ-లింక్ టీఎల్-డబ్ల్యూఆర్702ఎన్ లాంటి జేబు రౌటర్‌ని క్లయింట్ మోడ్‌లో పెట్టినా అదే పని చేస్తుంది. ఇక్కడ ఇంటిపేరు అడిగేవాళ్లు లేరు, డ్రైవర్ గొడవ లేదు. టీవీ దృష్టిలో తనకి తీగే వచ్చింది. ఒక్క చికాకు ఏమిటంటే, ఆ డబ్బాకి కరెంటు టీవీ యూఎస్‌బీ నుంచి ఇస్తే టీవీ ఆపినప్పుడల్లా అదీ ఆగుతుంది. మళ్లీ లేచి రౌటర్‌ని పట్టుకునేలోపు టీవీ ‘నెట్‌వర్క్ లేదు’ అనేసి ఊరుకుంటుంది. గోడ ప్లగ్గుకి పెట్టుకోండి.

మిగతా అందరికీ హెచ్‌డీఎంఐ స్టిక్కే శరణ్యం. వైఫై, ప్రాసెసర్, యాప్‌లు అన్నీ అందులోనే ఉంటాయి కాబట్టి టీవీ వట్టి తెరగా మిగులుతుంది. నాకైతే అదే ఇష్టం. తెర పదిహేనేళ్లు మన్నుతుంది, యాప్‌లు మూణ్ణాళ్ల ముచ్చట. రెండిటినీ ఒకే పెట్టెలో బిగించి ‘స్మార్ట్’ అని అమ్మడం మీద నాకు మొదట్నుంచీ గురి లేదు. అలాగని స్టిక్కులూ చిరంజీవులు కావు. 2015లో వచ్చిన రెండో తరం క్రోమ్‌కాస్ట్‌లు 2025 మార్చి 9న ఉన్నట్టుండి ఒక్కసారిగా మొరాయించాయి. కారణం మళ్లీ గడువు తీరిన సర్టిఫికెట్టే. గూగుల్ కొద్ది రోజుల్లో సరిచేసింది గానీ, దానికి ముందే 2024లోనే క్రోమ్‌కాస్ట్ తయారీకి మంగళం పాడేసింది.

స్టిక్కు పెట్టెలో ఓ బెత్తెడు నల్ల తీగ వస్తుంది. ఒక చివర హెచ్‌డీఎంఐ ప్లగ్గు, రెండో చివర సాకెట్. అందరూ దాన్ని పెట్టెలోనే వదిలేసి పెట్టెని అటక మీదకి ఎక్కిస్తారు. దించి తీయండి. స్టిక్కుని నేరుగా గుచ్చితే టీవీ వెనక లోహపు రేకుకి అతుక్కుని ఉంటుంది, సిగ్నల్ ఆ రేకుని చుట్టి రావాలి. ఈ తీగతో నాలుగు వేళ్లు ఇవతలికి వేలాడదీస్తే వైఫై అందడంలో తేడా కనిపిస్తుంది. పక్కన యూఎస్‌బీ 3.0 హార్డ్ డిస్క్ ఉంటే దాన్నీ దూరం జరపండి. అది 2.4 గిగాహెర్ట్జ్ వైఫైని చెదరగొడుతుందని ఇంటెల్ 2012లోనే పత్రం రాసింది. అపార్ట్‌మెంట్లలో ఆ 2.4 ఎలాగూ కిక్కిరిసి ఉంటుంది. మన ప్రభుత్వం 2018 అక్టోబర్‌లో 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో 605 మెగాహెర్ట్జ్‌ని లైసెన్స్ లేకుండా వాడుకోనిచ్చింది. రౌటర్, టీవీ ఒకే గదిలో ఉంటే ఆ 5నే ఎంచుకోండి. మధ్యలో రెండు గోడలుంటే మాత్రం 2.4 నయం. ఫుల్ హెచ్‌డీ బొమ్మకి నెట్‌ఫ్లిక్స్ అడిగేది 5 ఎంబీపీఎస్, 4కేకి 15. అంతకు మించిన వేగం కోసం హైరానా పడక్కర్లేదు.

చరిత్ర లేకుండా ముఖచిత్ర కథనం ఏమిటంటారేమో, గబగబా చెప్పేస్తాను. వైఫైకి మూలమైన 802.11 ప్రమాణం 1997లో వచ్చింది. వీడియోని మోయగల ‘ఎన్’ రకం 2009లో ఖరారైంది. టీవీకి తగిలించే పెట్టెల్లో యాపిల్ టీవీ 2007, రోకు 2008. 2013 జూలైలో గూగుల్ 35 డాలర్లకే క్రోమ్‌కాస్ట్ తెచ్చి 80 డాలర్ల డాంగిళ్ల దుకాణం కట్టించేసింది. మన దగ్గరికి అది 2014 డిసెంబర్‌లో 2,999 రూపాయలకు, ఫైర్ టీవీ స్టిక్ 2017 ఏప్రిల్‌లో 3,999కి వచ్చాయి. ఇక ఇంటికి ఇంటర్నెట్ తెచ్చే తీగల సంగతి: 2017 డిసెంబర్ 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఏపీ ఫైబర్‌నెట్ 149 రూపాయల మొదటి ప్లాన్‌తో, కరెంటు స్తంభాల మీదుగా వచ్చిన తీగతో ఇంట్లోకి ఇంటర్నెట్, టీవీ, ఫోన్ మూడూ తెచ్చింది. 2019 సెప్టెంబర్ 5న జియోఫైబర్ వచ్చింది.

బాక్స్: తొలి అడాప్టర్ కోళ్ల జాలీ

టీవీకి బయటి నుంచి తగిలించి లేని శక్తి తెప్పించడం తెలుగు పల్లెలకు కొత్త కాదు. 1975 ఆగస్టు 1 నుంచి ఏడాది పాటు సాగిన ‘సైట్’ ప్రయోగంలో ఆరు రాష్ట్రాల్లోని 2,400 పల్లెలకు అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 నుంచి నేరుగా కార్యక్రమాలు అందాయి. అప్పటి ఆంధ్రప్రదేశ్ వాటిలో ఒకటి. సిగ్నల్‌ని పట్టడానికి పది అడుగుల డిష్, అదీ కోళ్ల ఆవరణకి కట్టే ఇనప జాలీతో చేసింది. పట్టిన సిగ్నల్‌ని టీవీకి అర్థమయ్యేలా మార్చడానికి పక్కన ఓ కన్వర్టర్ డబ్బా. ఈ సెట్లు తయారైంది హైదరాబాద్ ఈసీఐఎల్‌లో.

బాక్స్: పేరులేని డబ్బాలు

‘అన్ని చానళ్లూ ఫ్రీ’ అంటూ ఏ కంపెనీదో తెలియని ఆండ్రాయిడ్ డబ్బా ఎవరైనా అంటగడితే వద్దనండి. బాడ్‌బాక్స్ 2.0 అనే దొంగ సాఫ్ట్‌వేర్ ఇలాంటి పరికరాల్లో, కొన్నిట్లో అమ్మకానికి ముందే, చొరబడి ఉంటోందని 2025 జూన్‌లో అమెరికా ఎఫ్‌బీఐ హెచ్చరించింది. మీ ఇంటి కనెక్షన్‌ని మీకు తెలియకుండా ఇంకెవరో వాడుకుంటారు.

బాక్స్: అమెరికా నుంచి వచ్చిన స్టిక్కు

డాలస్ నుంచో న్యూజెర్సీ నుంచో అబ్బాయి తెచ్చిన స్టిక్కుకో డాంగిల్‌కో ఇంటి వైఫై పేరే కనపడదు. పక్కింటి వాళ్లదేమో నిక్షేపంగా కనిపిస్తుంది. చాలాసార్లు దోషం చానల్‌ది. 2.4 గిగాహెర్ట్జ్‌లో మన రౌటర్లు 1 నుంచి 13 దాకా చానళ్లు వాడతాయి. అమెరికా కోసం చేసినవి సాధారణంగా 11 దగ్గరే ఆగిపోతాయి. రౌటర్ తనంతట తాను 12కో 13కో వెళ్లి కూర్చుంటే వాటికి కనిపించదు. రౌటర్ సెట్టింగ్స్‌లో చానల్‌ని ‘ఆటో’ నుంచి తీసి 1, 6, 11లలో ఖాళీగా ఉన్నదేదో ఒకటి పెట్టి, స్టిక్కుని ఓసారి ఆపి మళ్లీ వేయండి.