ఎక్సైజు బకాయిలు: అమ్ముడైపోయిన సరకుకు ఎన్నేళ్ల తరువాత సుంకం అడగవచ్చు?

మిల్లు గేటు దాటి, లారీ ఎక్కి, టోకు వర్తకుని గొడౌనులో దిగి, చివరకు చిల్లర కొట్లలో అమ్ముడైపోయిన సరకుకు మూడు నాలుగేళ్ల తరువాత సుంకం బాకీ ఉన్నదంటూ నోటీసు వస్తే ఆ సొమ్ము ఎవరు కట్టాలి? కేంద్ర ఎక్సైజు శాఖకూ ఉత్పత్తిదారులకూ మధ్య దశాబ్దాల తరబడి నడిచిన వ్యాజ్యాలలో చాలావాటికి మూలం ఈ ప్రశ్నే. 2017 జూలై 1న జి.ఎస్.టి. అమలులోకి వచ్చి, పెట్రోలియం, పొగాకు వంటి కొద్ది సరకులు మినహా మిగిలిన వాటిపై ఎక్సైజు సుంకం రద్దయింది. కాని అంతకు ముందు సంవత్సరాల దావాలు రద్దు కాలేదు. అందుకే 2019లో కేంద్రం ‘సబ్‌కా విశ్వాస్’ పేరిట రాజీ పథకం పెట్టవలసి వచ్చింది. నోటీసు లేదా అప్పీలు దశలో ఉన్న తగాదాలలో 50 లక్షల రూపాయల వరకు బకాయికి 70 శాతం, ఆపైన ఉన్న వాటికి 50 శాతం మాఫీ చేసి, వడ్డీని, పెనాల్టీని పూర్తిగా వదులుకున్నది.

చట్టం దృష్టిలో బాకీదారు ఉత్పత్తిదారుడే. అయితే సుంకాన్ని ధరలో కలిపి కొనుగోలుదారు నుంచి రాబట్టుకోవడం మొదటినుంచీ ఉన్న వ్యాపార రివాజు. చిక్కు ఎక్కడ వస్తుందంటే, తక్కువ రేటుతో సుంకం కట్టి, ఆ లెక్కనే ధర వేసి అమ్మిన మిల్లుదారుకు తరువాత పెద్ద రేటు ప్రకారం నోటీసు వచ్చినప్పుడు. బేరం కుదిరిన తరువాత సుంకం పెరిగితే ఆ తేడాను కొనుగోలుదారుపై వేసుకునేందుకు సరకుల విక్రయ చట్టం 64ఎ సెక్షను వీలు కల్పిస్తుంది. బేరం నాటికే అమలులో ఉన్న రేటును మిల్లుదారు తప్పుగా లెక్క వేసుకుంటే ఆ సెక్షను అక్కరకు రాదు. పైగా నాలుగేళ్ల కిందట సరకు కొన్న షాహుకారు ఖాతా ముగించుకుని ఉంటాడు. ఇప్పుడు తేడా ఇమ్మంటే ఇచ్చేవాడెవరు? కనుక మిల్లుదారులు గడువు మాటను పట్టుకుని కోర్టులకెక్కారు.

మూడు నెలల నుంచి అయిదేళ్లకు

పాత ఎక్సైజు నిబంధనలలో 10వ నిబంధన కింద తక్కువ పడిన సుంకాన్ని కట్టిన తేదీ నుంచి మూడు నెలలలోపు అడగాలి. అసలు ఏమీ కట్టనప్పుడు ‘కట్టిన తేదీ’ ఉండదు గనుక ఈ గడువు వర్తించదని, గడువే లేని 10ఎ నిబంధన కింద ఎప్పుడైనా అడగవచ్చునని శాఖ వాదన. బొంబాయి ఎల్ఫిన్‌స్టోన్ స్పిన్నింగ్ అండ్ వీవింగ్ మిల్లు కేసులో 1971లో సుప్రీం కోర్టు ఈ వాదనను తోసిపుచ్చింది. ‘కట్టిన’ అన్న మాటకు ‘కట్టవలసి ఉన్న’ అని అర్థం చెప్పుకోవాలని, అప్పుడే నిబంధనకు పొందిక కుదురుతుందని తీర్పు చెప్పింది. ఒక్క మాట అర్థంతో కాలదోషం పట్టిన నోటీసు చెల్లకుండా పోయింది.

తరువాత గడువును నిబంధనలలో కాక చట్టంలోనే చేర్చారు. 1980 నవంబరు 17న అమలులోకి వచ్చిన 11ఎ సెక్షను ప్రకారం మామూలుగా ఆరు నెలలు. మోసం, కుమ్మక్కు, బుద్ధిపూర్వకంగా తప్పుడు వివరాలివ్వడం, నిజాలు దాచడం, సుంకం ఎగవేసే ఉద్దేశంతో నిబంధనలు ఉల్లంఘించడం జరిగితే అయిదేళ్లు. 2000లో ఆరు నెలలను ఏడాదికి, 2016లో రెండేళ్లకు పెంచారు. అయిదేళ్ల గడువు మాత్రం మారలేదు.

అయిదేళ్ల వెసులుబాటు చేతికి రాగానే ప్రతి నోటీసులోనూ ‘నిజాలు దాచారు’ అన్న వాక్యం చోటు చేసుకోసాగింది. దానికి అడ్డుకట్ట వేసిన తీర్పు మన హైదరాబాదు కేసులోనే వచ్చింది. చెంఫార్ డ్రగ్స్ అండ్ లినిమెంట్స్ సంస్థ తయారుచేసే సరకులన్నిటి సంగతీ డిక్లరేషను దాఖలైన నాటికే శాఖకు తెలుసునని అప్పీళ్ల ట్రిబ్యునలు నిర్ధారించింది. 1989 ఫిబ్రవరిలో సుప్రీం కోర్టు ఆ నిర్ణయాన్నే ఖాయం చేస్తూ, ఉత్పత్తిదారు ఊరకుండడం, చేయవలసింది చేయలేకపోవడం మాత్రమే చాలదని, తెలిసి తెలిసి దాచిపెట్టినట్లు కనబడాలని స్పష్టం చేసింది. అదే సంవత్సరం బెంగుళూరు అగరువత్తుల సంస్థ పద్మినీ ప్రొడక్ట్స్ కేసులోనూ ఇదే సూత్రం పాటించింది. సుంకం పడుతుందా లేదా అన్న విషయంలో నిజంగానే సందేహానికి తావున్నప్పుడు ఎగవేత అనరాదన్నది. 2006లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ కేసులో మరో అడుగు ముందుకు వేసింది. మొదటి నోటీసు నాటికే విషయాలన్నీ అధికారులకు తెలిసి ఉండగా, అవే విషయాలపై మళ్లీ నోటీసిచ్చి ‘దాచారు’ అనడం చెల్లదు.

శాఖ మొర కూడా కొట్టివేయదగినది కాదు. గేటుపాసు లేకుండా సరకు తరలించడం, రెండు రకాల పుస్తకాలు నడపడం మార్కెట్టుకు తెలియని విషయాలేమీ కావు. అయితే రుజువు ఉండాలి. ఉక్కు ఇంగాట్ల మిల్లుపై పెట్టిన కేసులో కరెంటు వాడకం లెక్క ఒక్కదానితో దొంగ ఉత్పత్తిని తేల్చలేమని న్యాయస్థానాలు అన్నాయి.

ఓడినప్పుడల్లా చట్టం మార్పు

శాఖవారు ఒకసారి ఆమోదించిన వర్గీకరణ జాబితా ప్రకారం సుంకం కట్టి ఉంటే, తరువాత మనసు మార్చుకుని వెనుకటి కాలానికి తేడా అడగరాదని 1999లో కాట్‌స్పన్ కేసులో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పిచ్చింది. మిల్లుదారుల సంతోషం ఏడాది కూడా నిలువలేదు. 2000 సంవత్సరపు ఆర్థిక చట్టంలో 11ఎ సెక్షనును 1980 నవంబరు 17 నుంచే వర్తించేలా సవరించారు. అధికారి ఆమోద ముద్ర ఉన్నా తేడా అడగవచ్చునన్నారు.

సిగరెట్ల కేసులోనూ ఇంతే. 1983-87 మధ్య సిగరెట్లపై సుంకం పెట్టెమీద ముద్రించిన ధరను బట్టి ఉండేది. కొట్లలో అంతకన్నా ఎక్కువకు అమ్మారని, అది కంపెనీకి తెలిసే జరిగిందని ఆరోపిస్తూ ఐ.టి.సి.ని శాఖ 803 కోట్ల రూపాయలు అడిగింది. 2004 సెప్టెంబరులో సుప్రీం కోర్టులో కంపెనీ గెలిచింది. 2005 జనవరిలో ఆర్డినెన్సు వచ్చింది. వర్తకుడు గీసిన ధర మిల్లుదారు మెడకు చుట్టుకోవడానికి ఇంతకన్నా పెద్ద ఉదాహరణ దొరకదు.

మిల్లుదారు గెలిచినంత మాత్రాన కట్టిన సొమ్ము తిరిగి చేతికి వస్తుందనీ లేదు. సుంకాన్ని కొనుగోలుదారులపై వేయలేదని అతడే రుజువు చేయాలి. లేకుంటే ఆ మొత్తం వినియోగదారుల సంక్షేమ నిధికి పోతుంది. 1996 డిసెంబరులో మఫత్‌లాల్ కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం మెజారిటీతో ఈ పద్ధతిని సమర్థించింది. సుంకం తన జేబులోనుంచి పెట్టిన కొనుగోలుదారుకు గడువులోగా వాపసు కోరే హక్కు ఉన్నది. బిల్లులు జాగ్రత్త చేసుకోని వర్తకునికి ఆ హక్కు వల్ల ఒరిగేది లేదు.

మూతబడిన మిల్లు కొన్నవారి సంగతి

బకాయి పడిన మిల్లు వేలానికి వస్తే కొన్నవారు పాత సుంకం కట్టాలా? ఉత్తరప్రదేశ్ ఫైనాన్షియల్ కార్పొరేషను వేలంలో ఒక మిల్లు స్థలాన్ని, యంత్రాలను రాణా గర్డర్స్ సంస్థ కొన్నది. చట్టబద్ధమైన బాధ్యతలు కొనుగోలుదారువే అని దస్తావేజులో ఉన్న మాటను పట్టుకుని శాఖ పాత బకాయి అడిగింది. 2013లో సుప్రీం కోర్టు కాదన్నది. ఎక్సైజు బాకీ సరకు తయారీ వల్ల పుట్టినదే తప్ప స్థలం వల్లనో యంత్రం వల్లనో పుట్టినది కాదని, వ్యాపారాన్నే యావత్తుగా చేపట్టిన వారి సంగతి వేరని వివరించింది. 2004లో 11వ సెక్షనుకు చేర్చిన నిబంధన కూడా వ్యాపారానికి వారసులైన వారి దగ్గరున్న సరకును, యంత్రాలను జప్తు చేయనిస్తున్నది.

బ్యాంకుల వాటా మాటకు వస్తే, 2011 ఏప్రిల్ నుంచి 11ఇ సెక్షను ఎక్సైజు బకాయికి ఆస్తిపై మొదటి హక్కు ఇచ్చినా, తాకట్టు పెట్టుకున్న బ్యాంకులకు సర్ఫేసీ చట్టం వంటివి ఇచ్చిన హక్కులకు లోబడే ఇచ్చింది. అంతకు ముందు నాటి బకాయిల విషయంలోనూ బ్యాంకుదే ముందు హక్కు అని 2022 ఫిబ్రవరిలో పంజాబ్ నేషనల్ బ్యాంకు కేసులో తీర్పు వచ్చింది. వేలంలో పాత మిల్లు పాడుకునేవారు యంత్రాల మట్టుకే కొంటున్నారా, నడుస్తున్న వ్యాపారాన్ని కొంటున్నారా అన్నది దస్తావేజు రాతలోనే తేల్చుకోవలసి ఉంటుంది.