బంతి మడిలో దొంగలు

న్యూజెర్సీలో బతుకమ్మకి సరిపడా పూలు కొనాలంటే పర్సు ఖాళీ అవుతుంది. అందుకే ఏటా పెరట్లో బంతి వేస్తాను. కిందటేడు ఆగస్టులో ఓ పొద్దున చూద్దును కదా, మొగ్గ తొడిగిన మొక్కలు వేళ్లతో సహా పైకి లేచి పడున్నాయి! ప్రాణం ఉసూరుమంది.

ఆ రాత్రి కిటికీ దగ్గర కాపు కాశాను. వచ్చింది రకూన్! పిల్లికన్నా పెద్దది. కళ్ల చుట్టూ నల్లటి పట్టీ, తోకంతా చారలు. వెనకే మూడు పిల్లలు. మనుషుల్లా చేతులతో మట్టి తవ్వుతున్నాయి. పువ్వు ఒక్కటీ ముట్టలేదు.

"బోను పెట్టిద్దాం" అన్నారు మావారు. తల్లిని పట్టుకుపోతే పిల్లల గతేంటి? నాకు మనసొప్పలేదు. ఆలోచిస్తే తప్పు నాదే. మొక్కలకి బలమని చేపల ఎరువు వేశాను. ఆ వాసనకి, మట్టిలోని వేరుపురుగులకి ఆశపడి వస్తున్నాయవి.

వెంటనే ఆ ఎరువు మానేసి కంపోస్టు వేశాను. మొక్కల మధ్య కోళ్లగూటికి వాడే ఇనప జాలీ పరిచి, పైన పల్చగా మట్టి కప్పాను. జాలీ అడ్డొస్తే తవ్వలేవు. చెత్తడబ్బా మూత ఊడకుండా తాడు బిగించాం. ఎదురుగా ఏదైనా కదిలితే నీళ్లు చిమ్మే పరికరం కూడా పెట్టాం.

ఇక్కడ మీ అమ్మాయో, కోడలో ఉంటే ఒక్క మాట చెప్పండి. ముద్దుగా ఉన్నాయని రకూన్ల దగ్గరికి వెళ్లొద్దు, పిల్లల్ని వెళ్లనివ్వొద్దు. వాటి కాటుతో రేబిస్ రావచ్చు.

మళ్లీ నాటితే సగం మొక్కలు బతికాయి. ఆ ఏడు మా బతుకమ్మ కాస్త పొట్టిదే. అయితేనేం, అన్నీ మా పెరటి పూలే!